బోదకాలు వస్తే పని మానాల్సిందేనా?

గోదావరి డెల్టాకు బోదకాలు (ఫైలేరియా) కొత్త జబ్బు కాదు. దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఈ జబ్బుపై శిక్షణకూ పరిశోధనకూ పెట్టిన కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలోనే ఉంది. అయినా కాలు వాచిన మనిషి పనికి వస్తే ఇప్పటికీ వినపడే మాట ఒకటే: "ఇంకేం పని చేస్తాడు పాపం!" జాలితో అన్నా సరే, ఆ మాట కూలి పోగొడుతుంది. పైగా అది తప్పు. ఈ జబ్బులో పనిదినాలను ఎక్కువగా మింగేది మాటిమాటికీ తిరగబెట్టే జ్వరం. దాన్ని చాలావరకు ఆపవచ్చు. ఏ పని తగుతుందన్నది ఆ జ్వరాన్ని దృష్టిలో పెట్టుకుని తేల్చుకోవాలి.

పక్కన కూర్చుంటే అంటుకుంటుందన్న భయం పనికి మొదటి అడ్డంకి. తినే సరుకు తయారయ్యేచోట ఆ భయం ఇంకా గట్టిగా పనిచేస్తుంది. నిజానికి ఉచెరేరియా బాన్‌క్రాఫ్టి అనే సన్నని పురుగు, మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కాటుతోనే ఒంట్లో చేరుతుంది. తాకితే రాదు, ఒకే గ్లాసుతో తాగితే రాదు, కాలవ నీళ్ళు తాగినా రాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే వంశపారంపర్యం అంటారు గానీ, ఆ ఇంట్లో అందరినీ కుట్టేవి అవే దోమలు. ఇంకో సంగతి: కాలు బాగా వాచే దశకు వచ్చేసరికి చాలామంది రక్తంలో పిల్లపురుగులు కనిపించవు. ఏ లక్షణమూ లేకుండా తిరిగేవాళ్ళ రక్తంలో అవి ఉండవచ్చు. రాత్రిపూటే అవి పైరక్తంలోకి వస్తాయి కనుకే పరీక్షకు రక్తం రాత్రిళ్ళు తీస్తారు. 2004 నుంచి పిల్లపురుగులను చంపే డి.ఇ.సి. మాత్రలను జబ్బున్నవాళ్ళకే కాక ఊరందరికీ పంచిందీ లక్షణాల్లేనివాళ్ళ రక్తంలోనూ అవి ఉండవచ్చనే. వాచిన కాలున్నవాణ్ణి పనిలోంచి తీసేసి, తన వంతు మాత్రలు మాత్రం మింగకుండా పడేసే యజమాని తలకిందుల పని చేస్తున్నాడు.

పని చేయలేరన్న మాటలో కొంత నిజం ఉంది, దాచనక్కర్లేదు. ముదిరిన వాపు పూర్తిగా తగ్గదు, కాలి బరువు నడకను కుంగదీస్తుంది. పరిశోధకుడు కె.డి. రామయ్య బృందం 2000లో వేసిన అంచనా ప్రకారం ఈ జబ్బువల్ల దేశానికి ఏటా 80 కోట్ల డాలర్లకు పైనే నష్టం. అయితే మనిషిని మంచాన పడేసేది ఆ జ్వరమే: వణుకు, గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలు ఎర్రబడి మండిపోవడం. వాచిన కాలి వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని పగిలితే, ఆ పగుళ్ళలోంచి బాక్టీరియా లోపలికి దూరి ఈ జ్వరం తెస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకాస్త పెంచి పోతుంది. దీన్ని ఆపడానికి కావలసింది బకెట్టు, మగ్గు, మామూలు సబ్బు, మెత్తని గుడ్డ. రోజూ మడతల్లో, వేళ్ళ మధ్య సబ్బుతో కడిగి, నురగ పోయేదాకా నీళ్ళు పోసి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. పగుళ్ళుంటే మందు రాయాలి. పడుకునేటప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి. ఇంతేనా అనిపిస్తుంది గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాచిన కాలికి ముందు చెప్పే సంరక్షణ ఇదే. జ్వరం వచ్చినప్పుడు మాత్రం వేడి కాపడాలు పెట్టకుండా డాక్టరుకు చూపించాలి.

ఈ లెక్కన ఆ కాలికి శత్రువులు మూడు: చెమ్మ, గాయం, కదలకుండా ఉండిపోవడం. గంటల తరబడి బురదలో వంగి నాట్లు వేయడం, రొయ్యల ప్లాంటులో తడినేల మీద షిఫ్టంతా నిలబడడం దానికి పడవు. అలాగని "కూర్చునే పని చూసుకో" అన్న సలహా కూడా పూర్తిగా సరికాదు. కాళ్ళు వేలాడేసి రోజంతా కూర్చుంటే నీరు కిందికి దిగుతుంది, పిక్క కండరం కదిలితేనే పైకి పోతుంది. కాబట్టి కాలితో తొక్కే కుట్టుమిషను మోటారు మిషను కంటే మేలు. కడియం నర్సరీల్లో అంట్లు కట్టడం, సంచుల్లో మట్టి నింపడం కుదురుతాయి, కాలికి చెప్పులుండి, నీళ్ళు పట్టే పని ఇంకొకరు చూసుకుంటే. నర్సాపురం వైపు ఆడవాళ్ళకైతే "ఇంట్లో కూర్చుని లేసు అల్లుకో" అని తేలిగ్గా చెప్పేస్తారు. మధ్యమధ్య లేచి తిరిగితే కాలికి అది పడుతుంది. మరి కడుపుకో? ఆ లేసు అల్లే ఆడవాళ్ళను గృహిణులుగా, వాళ్ళ శ్రమను తీరిక సమయపు పనిగా చూపించి కూలిని ఎంత అడుగున ఉంచారో సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లోనే పుస్తకంగా రాశారు. జబ్బు మనిషికి తగిన పని అంటే చవక పని అనుకోవడం కూడా అపోహే, అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ.

పింఛను వస్తుందిగా అంటారు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నమాట నిజం. అది రెండు కాళ్ళకూ బోద నాలుగో గ్రేడుకు ముదిరినవాళ్ళకు. ఒక కాలు మాత్రమే వాచి, ఇంకా పని చేయగలిగినవాళ్ళకు ఆ డబ్బు రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో కుష్ఠు నయమైనవారు, సికిల్ సెల్ రోగులు ఉన్నారు, బోదకాలు పేరు లేదు. కాలు పూర్తిగా పాడయ్యాక ఆదుకునే ఏర్పాటుంది, పాడవకుండా పని చేసుకోవాలనుకునే మనిషికి లేదు.

రోజుకూలీల దగ్గర ఏ పని ఎవరికి తగునో ఎవరు చూస్తారని అడగవచ్చు. నాట్ల ముఠాలో ఒకరిని బురదలోకి దించకుండా, కోతలయ్యాక ధాన్యం ఆరబోసేచోట, ఎగరబోసేచోట పెట్టుకోవడం మేస్త్రికి చేతకానిది కాదు. మిల్లుల్లో, ప్లాంట్లలో కుళాయి ఎలాగూ ఉంది. దాని పక్కన కాలు కడుక్కునే గట్టు, ఆరబెట్టుకోవడానికి పది నిమిషాలు, జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే పని పోదన్న హామీ కావాలి.