కొత్త ఇంటి తలుపులకు ఏ రంగు? డబ్బా కొనే ముందు చూసుకోవాల్సిన మూడు సంగతులు

పెనుగొండ, ఆచంట, సిద్ధాంతం వైపు పాత పెంకుటిల్లు విప్పి స్లాబు ఇల్లు కట్టుకునేవాళ్ళలో చాలామంది తాతల నాటి టేకు తలుపుల్ని అమ్ముకోరు. గోనెపట్టాలు చుట్టి ఓ మూల దాచిపెట్టి, గోడలు లేచాక కొత్త ఇంటికే బిగిస్తారు. మంచి ఆలోచనే. అంత చేవ ఉన్న కర్ర ఇవాళ కొనాలంటే మాటలు కాదు.

తలుపులు బిగించే వేళకి చేతిలో డబ్బు అయిపోవస్తుంది, గృహప్రవేశం దగ్గరపడుతుంది. షేడ్ కార్డు ముందు కూర్చుంటే అమ్మీ ఒక రంగు అంటారు, అబ్బా ఇంకోటి అంటారు, పిల్లలు మూడోది చూపిస్తారు. గోడ రంగు నచ్చకపోతే రెండేళ్ళకు మార్చుకోవచ్చు. తలుపులు, ద్వారబంధాలు, కిటికీ ఫ్రేములకు వేసిన ఎనామిల్ మార్చాలంటే మళ్ళీ గీకుడు, ప్రైమర్, రెండు కోట్లు, కూలి. అందుకే షేడ్ కార్డు తెరవకముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: పాత రంగులో సీసం, కర్రలో చెమ్మ, గదిలో వెలుతురు.

పాత రంగు గీకేటప్పుడు

ముప్పై నలభై ఏళ్ళ కిందట వేసిన నూనె రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ వంటి గాఢమైన రంగులకు ఆ మెరుపు తెచ్చినవి చాలావరకు సీసపు క్రోమేటు పొడులు. రంగు త్వరగా ఆరడానికి కలిపే మందుల్లోనూ సీసం వాడేవారు. అమెరికా ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించింది. మన దేశంలో నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదు. అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు. అంతకుముందు వేసిన రంగు ఏదైనా అనుమానించాల్సిందే, కంటితో చూసి చెప్పలేం.

పాత రంగు తలుపు మీద గట్టిగా అంటుకుని ఉన్నంతవరకు పెద్ద ప్రమాదం ఉండదు. దాన్ని ఉప్పుకాగితంతో పొడిగా రుద్దినప్పుడు, మంటతో కాల్చి ఊడదీసినప్పుడు సీసం దుమ్ముగా, పొగగా బయటికొస్తుంది. నేల మీద పడిన ఆ దుమ్ము పాకే పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను, చదువును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదు పిల్లలకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణులకు కూడా ఇది మంచిది కాదు, కడుపులో బిడ్డకు చేరుతుంది.

అందుకని పాత తలుపుల పని ఇంట్లో పెట్టుకోకూడదు. బయట, కింద పాలిథిన్ పట్టా పరిచి, తలుపును నీళ్ళతో తడుపుతూ రుద్దించాలి. పనిచేసేవాళ్ళు దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవాలి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. ఊడిన పెచ్చుల్ని పట్టాతో సహా మూటగట్టి పారెయ్యాలి గానీ కాలవలోకి ఊడ్చెయ్యకూడదు, పొయ్యిలో వెయ్యకూడదు. ఆ రోజు వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. పాత రంగు పెచ్చులూడకుండా బాగుంటే మొత్తం గీకించడం అనవసరం. తడిపి పైపైన గరుకు చేసి, ప్రైమర్ వేసి మూసెయ్యడమే మేలు.

కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం 90 పీపీఎం మించదని దాని మీద రాసి ఉందో లేదో చదవాలి. ఇంకో సంగతి. ఈ నిబంధన ఇళ్ళ రంగులకే, ఫ్యాక్టరీలకు, వాహనాలకు వాడే రంగులకు కాదు. లారీకో ట్రాక్టరుకో వేయగా మిగిలిన డబ్బా చవగ్గా వచ్చిందని ఇంటి తలుపులకు వాడటం సరికాదు.

గోదావరి గాలిలో చెమ్మ

పక్కనే వశిష్ఠ గోదావరి, చుట్టూ కాలవలు, వరిచేలు. ఈ ప్రాంతపు గాలిలో చెమ్మ ఎక్కువ. కర్ర ఆ చెమ్మను పీల్చి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. శ్రావణంలో తలుపు బిగుసుకుపోవడం, వేసవిలో సందులు కనిపించడం అందువల్లే. పచ్చి వేప కర్ర అయితే ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. సరిగ్గా ఆరని కర్ర మీద ఎంత ఖరీదైన రంగు వేసినా బొబ్బలెక్కి ఊడుతుంది.

చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటుంది. తలుపుకి ముందూ వెనకా రంగేసి, పై అంచుని, కింది అంచుని వదిలేస్తారు. కనపడవు కదా అని. కర్ర నీళ్ళు పీల్చేది ఆ అంచుల నుంచే. అందుకే తలుపు బిగించకముందే ఆరు వైపులా ప్రైమర్ వేయించాలి. వుజూ చేసుకునే చోటు, బాత్‌రూమ్ పక్కనున్న తలుపులకు కింది అంచు మరీ ముఖ్యం. అక్కడ కర్ర తలుపు బదులు పీవీసీ తలుపు పెట్టుకుంటే చెమ్మ గొడవే ఉండదు.

రంగు వేసే కాలం కూడా చూసుకోవాలి. ఈద్‌కి ఇల్లు కొత్తగా ఉండాలని రంజాన్‌లోనే పని పెట్టుకునేవాళ్ళు ఎక్కువ. ఇస్లామీ నెలలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ఆ లెక్కన 2029లో ఈద్ ఫిబ్రవరి మధ్యలో పడుతుంది, అంటే పని జనవరి మంచులో పెట్టుకోవాలి. సాయంత్రం వేసిన నూనె ఎనామిల్ మీద రాత్రి మంచు దిగితే మెరుపు పోయి తెల్లగా మబ్బేస్తుంది. చలికాలంలో ఎండెక్కాక మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా కోటు ముగించడం మంచిది. థిన్నర్ వాసనకి తల తిరుగుతుంది కాబట్టి రోజా ఉన్నవాళ్ళు నిద్రపోయే గదికి అప్పుడు రంగు పెట్టుకోకపోతే మేలు.

ఇక రంగు

తేలిగ్గా మారనివాటిని ముందు చూడాలి: నేల టైల్స్, కిటికీ కింది గ్రానైటు, వంటగది గట్టు. వాటిలో ఉన్న ఛాయనే తలుపుకి తెచ్చుకుంటే ఇల్లంతా ఒక తీరుగా ఉంటుంది. తలుపులు, ద్వారబంధాలు, కిటికీలు అన్నిటికీ ఇల్లంతా ఒకే రంగు వేసుకుని, గోడలు మాత్రం గదికొకటి మార్చుకోవడం సులువైన దారి.

సెంటున్నర స్థలంలో కట్టుకున్న ఇళ్ళలో గదులు చిన్నవి, గుమ్మాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. లేత గోడల మీద ప్రతి గుమ్మానికీ ముదురు గోధుమ రంగు వేస్తే గోడ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ద్వారబంధాన్ని గోడ రంగుకు దగ్గరగా ఉంచి, తలుపు రెక్క ఒక్కటే ముదురుగా ఉంచితే గది విశాలంగా అనిపిస్తుంది. గుమ్మానికి పరదా ఎప్పుడూ వేలాడే ఇళ్ళలో ఆ పరదా రంగుని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పగలంతా కళ్ళకి కనిపించేది అదే.

తెలుపు మీద మోజు పడేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. నూనె ఎనామిల్ తెలుపు వెలుతురు తగలని చోట పసుపు తిరుగుతుంది. తలుపు వెనక వైపు, బీరువా లోపల ముందుగా కనిపించేది అక్కడే. నీళ్ళతో కలిపే అక్రిలిక్ ఎనామిల్ అలా తిరగదు, వాసన కూడా తక్కువ. ధర మాత్రం ఎక్కువ. అలాగే బాగా మెరిసే రంగు తుడవడానికి తేలికే గానీ కర్రలోని ఎగుడుదిగుళ్ళన్నీ బయటపెడుతుంది. పాత తలుపులకు సగం మెరుపు రంగులు నప్పుతాయి.

షేడ్ కార్డులో అంగుళం ముక్క చూసి తేల్చుకోకూడదు. అడుగు ప్లైవుడ్ ముక్క మీద ప్రైమర్, రెండు కోట్లు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, దాన్ని గుమ్మం పక్కన నిలబెట్టాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎల్‌ఈడీ దీపం కింద చూడాలి. తెల్లటి దీపం కింద బూడిద రంగు నీలంగా, పసుపు దీపం కింద లేత ఆకుపచ్చ పండిపోయినట్టు కనిపించవచ్చు.

చివరగా లెక్క. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపు ఒక వైపు 21 చదరపు అడుగులు, రెండు వైపులా 42. ఆరు తలుపులకు 252, రెండు కోట్లకు 504. ద్వారబంధాలు, అంచులు, కిటికీలు దీనికి అదనం. లీటరుకు ఎంత మేర వస్తుందో డబ్బా మీదే ఉంటుంది. మొత్తం ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబరు చూసి కొనాలి. తర్వాత తెచ్చిన డబ్బాలో ఛాయ కొద్దిగా తేడా వస్తే ఆ తేడా తలుపు మీద కనిపిస్తుంది. ఓ పావు లీటరు మిగిల్చి, షేడ్ నంబరు మూత మీద రాసి పెట్టుకుంటే గడియ దగ్గర చెరిగిపోయినప్పుడు పనికొస్తుంది.