3.4 నాస్తికత్వం – అజ్ఞేయవాదం

దైవాన్ని గురించి రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. 'దేవుడున్నాడని నమ్ముతున్నారా?' అనేది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న. 'ఆ సంగతి నిశ్చయంగా తెలుసా?' అనేది జ్ఞానానికి సంబంధించినది. మొదటిదానికి 'నమ్మను' అనేవారు నాస్తికులు. రెండోదానికి 'తెలియదు, ఆధారం లేకుండా తెలుసని అనకూడదు' అనేవారు అజ్ఞేయవాదులు. ఈ వైఖరికి 1869లో ఇంగ్లండులో పేరుపెట్టినవాడు జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ.

పాతబస్తీలో, పత్తర్‌గట్టిలోని ఒక దుకాణంలో మూత వేసిన డబ్బీ ఉందనుకుందాం. 'లోపల ముత్యం ఉందని నమ్మను' అన్నంత మాత్రాన, 'ముత్యం లేదు' అని తేల్చినట్లు కాదు. కనుక ఒకే వ్యక్తి నాస్తికుడూ, అజ్ఞేయవాదీ కావచ్చు. 'నిరూపించలేను, అయినా నమ్ముతాను' అనే ఆస్తికుడు కూడా అజ్ఞేయవాదే. అజ్ఞేయవాదం ఆస్తిక, నాస్తికాల నడిమి మెట్టు అనుకోవడం సరికాదు.

దేవుడు లేడని నిశ్చయంగా చెప్పే నాస్తికులూ ఉన్నారు. అలాంటివారిలో గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) ప్రముఖులు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. గోరా దృష్టిలో నాస్తికత్వమంటే మనిషి స్వేచ్ఛ, సామాజిక బాధ్యత. దృఢ ఆస్తికుడైన గాంధీజీతో ఆయన సేవాగ్రామంలో చర్చలు జరిపారు. దైవం విషయంలో ఏకీభవించకపోయినా, అస్పృశ్యతా నిర్మూలన ఇద్దరికీ ఉమ్మడి ఆశయం. నిశ్చయం ఉన్నవారు కూడా ఎదుటివారి మాట వినగలరని ఇది తెలుపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: అజ్ఞేయవాదులైన ఆస్తికుడు, నాస్తికుడు ఎక్కడ ఏకీభవిస్తారు? ఎక్కడ విభేదిస్తారు?