ఒక్క కుళ్ళిన ఆపిల్ పీపా అంతా పాడుచేస్తుందా?

ఏదైనా సంస్థలో అక్రమాలు బయటపడినప్పుడు ఇంగ్లిషు పత్రికల్లో తరచుగా ఒక మాట కనిపిస్తుంది: 'అవి కొన్ని చెడ్డ ఆపిల్స్ మాత్రమే'. తప్పు చేసింది కొందరే, మిగతావాళ్ళంతా మంచివాళ్ళే అని దాని భావం. కానీ ఈ మాటకు మూలమైన సామెత చెప్పేది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఒక్క కుళ్ళిన ఆపిల్ ఉంటే పీపాలోని పళ్ళన్నీ పాడవుతాయన్నది ఆ సామెత. ఈ రెండింటిలో సైన్స్ దేని పక్షం?

సామెత పాతదే. 14వ శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్ రాసిన 'కాంటర్‌బరీ కథల్లో' ఒక యజమాని, దారితప్పిన కుర్రవాణ్ణి పనిలోంచి పంపేసేటప్పుడు దీన్నే తలచుకుంటాడు. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన 'పూర్ రిచర్డ్' పంచాంగంలోనూ ఈ భావాన్నే అచ్చువేశాడు. చలికాలం కోసం ఆపిల్స్ దాచుకునే దేశాల్లో ఇది అందరికీ అనుభవమే. అసలు కారణం మాత్రం 20వ శతాబ్దంలో గానీ తెలియలేదు.

కంటికి కనబడని వాయువు

1901లో రష్యా శాస్త్రవేత్త దిమిత్రీ నెల్యుబోవ్ ఒక వింత గమనించాడు. ప్రయోగశాలలో మొలకెత్తిన బఠాణీ మొక్కలు నిటారుగా పెరగకుండా అడ్డంగా పెరుగుతున్నాయి. దీపాలకు వాడే గ్యాస్‌లోని ఇథిలిన్ అనే వాయువే దీనికి కారణమని ఆయన తేల్చాడు. పండే ఆపిల్స్ స్వయంగా ఇథిలిన్‌ను విడుదల చేస్తాయని 1934లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ గేన్ నిరూపించాడు.

ఇథిలిన్ మొక్కల హార్మోను. దాని ప్రభావంతో కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, గుజ్జు మెత్తబడుతుంది, రంగు, వాసన వస్తాయి. అసలు విశేషం మరొకటి ఉంది. ఆపిల్‌కు ఇథిలిన్ సోకితే అది తానూ ఇథిలిన్ తయారుచేయడం మొదలుపెడుతుంది. అది పక్క పండుకు, అక్కడి నుంచి మరో పండుకు పాకుతుంది. దెబ్బ తగిలిన పండు, కుళ్ళిన పండు ఈ వాయువును ఇంకా ఎక్కువగా వదులుతాయి.

దీనికి బూజు తోడవుతుంది. ఆపిల్స్‌ను కుళ్ళబెట్టే 'పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్' అనే నీలిబూజు గాయాల గుండా లోపలికి వెళుతుంది. బాగా మాగి మెత్తబడిన పండు దానికి సులువుగా లొంగుతుంది. అంటే ఇథిలిన్ మిగతా పళ్ళను మెత్తబరుస్తుంది, బూజు వాటిని పట్టుకుంటుంది.

ఆపిల్‌కూ నారింజకూ పోలికా?

పొంతనలేని వాటిని పోల్చితే ఇంగ్లిషులో 'ఆపిల్స్‌ను నారింజలతో పోల్చినట్టు' అంటారు. పండే తీరులోనూ ఈ రెండూ వేర్వేరు జాతులే. ఆపిల్, అరటి, మామిడి, బొప్పాయి, సపోటా వంటివి కోశాక కూడా పండుతాయి. నారింజ, బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ అలా పండవు. పచ్చి నారింజకు ఇథిలిన్ పట్టిస్తే తొక్క పసుపు రంగుకు తిరుగుతుందే తప్ప లోపల తీపి పెరగదు.

మన ఇళ్ళలో మామిడికాయలను వరిగడ్డిలో గానీ బియ్యం డబ్బాలో గానీ మాగబెట్టడం వెనుకా ఇదే సూత్రం ఉంది. కాయలు వదిలే ఇథిలిన్ బయటికి పోకుండా చుట్టూ నిలుస్తుంది. త్వరగా పండించాలని కొందరు వ్యాపారులు వాడే కాల్షియం కార్బైడ్, తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువును ఇస్తుంది. అది ఇథిలిన్‌లాగే పనిచేస్తుంది. కానీ కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉండే ప్రమాదం ఉంది కాబట్టి మన దేశంలో పళ్ళు మాగబెట్టడానికి దాన్ని నిషేధించారు. దానికి బదులు ఇథిలిన్ వాయువును 100 పీపీఎం వరకు, అంటే పదిలక్షల భాగాల గాలిలో 100 భాగాల దాకా, వాడేందుకు అనుమతి ఉంది.

ఇంట్లో ఏం చేయాలి?

కాయలు త్వరగా పండాలంటే బాగా పండిన అరటిపండునో ఆపిల్‌నో వాటితో కలిపి కాగితం సంచిలో ఉంచండి. ఆకుకూరలను మాత్రం ఆపిల్స్‌కు దూరంగా పెట్టండి, ఇథిలిన్ తగిలితే అవి త్వరగా పసుపుబారతాయి. బుట్టలో దెబ్బతిన్న పండు కనిపిస్తే వెంటనే తీసేయండి. అలాగే, దాని పక్కన ఉన్నవాటినీ ఒకసారి చూడండి.

'కొన్ని చెడ్డ ఆపిల్సే కదా' అని ఎవరైనా సర్దిచెబితే గుర్తుంచుకోవాల్సిందీ ఇదే. సామెత మిగతా పళ్ళు బాగున్నాయని భరోసా ఇవ్వడం లేదు, వాటినీ పరీక్షించమంటోంది.