గుండె చప్పుడు: గొట్టం నుంచి చిప్ దాకా

మిట్రల్ కవాటం (గుండె ఎడమ గదుల మధ్య తలుపు) ఇరుకైన రోగిని చేయి తిరిగిన డాక్టరు ఎలా పరీక్షిస్తారో చూడండి. ముందుగా ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమంటారు. అలా తిరిగితే గుండె కొన ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది. స్టెతస్కోపు తలను తిప్పి, గిన్నెలా గుంటగా ఉండే బెల్ వైపును అక్కడ పెడతారు. అదమరు, ఊరికే ఆనిస్తారు. కాస్త గట్టిగా నొక్కితే వినాల్సిన శబ్దమే మాయమవుతుంది. బెల్ అంచుల మధ్య చర్మం బిగుసుకుని తానే స్టెతస్కోపు రెండో వైపున ఉండే బిగుతు పొరలా, అంటే డయాఫ్రమ్‌లా అయిపోతుంది. డప్పును సెగకు కాస్తే తోలు బిగిసి శ్రుతి పెరుగుతుంది కదా, ఇదీ అంతే. బిగిసిన చర్మం హెచ్చు శ్రుతులను పలికిస్తుంది, తగ్గు శ్రుతులను అణిచేస్తుంది. ఈ జబ్బులో వినబడే గుడగుడ శబ్దమేమో బాగా తగ్గు శ్రుతిది.

గుండె శబ్దాలతో వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది. వాటిలో ఎక్కువ భాగం 500 హెర్ట్జ్‌ల లోపే. గుండె బలహీనపడినప్పుడు వినబడే మూడో చప్పుడు 50 హెర్ట్జ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. మన చెవి చురుకంతా 2000 హెర్ట్జ్‌లు దాటాకే. అంటే మన చెవి మందంగా ఉండే చోటే గుండె మాట్లాడుతుంది. స్టెతస్కోపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఈ చిక్కుతో చేసిన పెనుగులాటే.

అది 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో మొదలైంది. గుండె జబ్బు లక్షణాలున్న ఒక యువతి డాక్టర్ రెనే లయెనెక్ దగ్గరికి వచ్చింది. ఛాతీ మీద తట్టి చూద్దామంటే ఆమె స్థూలకాయం అడ్డు. నేరుగా చెవి ఆనించి విందామంటే వయసులో ఉన్న ఆడమనిషి. చెక్క దూలానికి ఒక చివర గుండుసూదితో గీస్తే రెండో చివర చెవికి స్పష్టంగా వినబడుతుందన్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది. కాగితాల కట్టను బిగుతుగా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీ మీద, మరో కొస తన చెవికి పెట్టుకున్నారు. చెవి ఆనించి విన్నప్పటి కన్నా చప్పుడు తేటగా వినబడింది. తర్వాత లేత్ మీద చెక్క గొట్టాలను తానే తయారు చేసుకున్నారు. బతికుండగా విన్న శబ్దాన్ని, చనిపోయాక శవపరీక్షలో కనబడిన లోపంతో పోల్చి చూస్తూ 1819లో పుస్తకం ప్రచురించారు. ఆయన గొప్పతనం గొట్టంలో కన్నా ఈ పోల్చి చూడటంలోనే ఉందని నా నమ్మకం.

అంతటివారూ ఒకచోట పొరబడ్డారు. లబ్-డబ్‌లో రెండో చప్పుడు కర్ణికలు (గుండె పై గదులు) ముడుచుకోవడం వల్ల వస్తుందనుకున్నారు. ఆ చప్పుళ్లు కవాటాలు మూసుకునేటప్పుడు పుట్టేవని 1832లో రువానే అనే ఫ్రెంచి వైద్యుడు వాదించాడు. అప్పటికి లయెనెక్ లేరు. తన గొట్టంతో ఎందరిలోనో గుర్తించిన క్షయే 1826లో, 45వ ఏట ఆయనను తీసుకుపోయింది. శబ్దం చెవిలో పడటం వేరు, దాని అర్థం తెలియడం వేరు. ఈ తేడాను ఎలక్ట్రానిక్ పరికరాల విషయంలోనూ మరిచిపోకూడదు.

ఆ తర్వాత గొట్టం రెండు చెవులకూ పాకింది. న్యూయార్క్‌లో జార్జ్ కామన్ 1852లో దాన్ని వాడకానికి వీలుగా తయారు చేశాడు. 1961లో హార్వర్డ్ హృద్రోగ నిపుణుడు డేవిడ్ లిట్‌మన్ దాన్ని తేలిక చేసి, ఇవాళ డాక్టర్ల మెడలో మనం చూసే రూపం ఇచ్చాడు.

విద్యుత్ స్టెతస్కోపు నిన్న మొన్నటిదని అనుకుంటాం కానీ, 1920ల్లోనే వాక్యూమ్ ట్యూబులతో గుండె చప్పుడును పెంచి, ఒకేసారి ఎందరో విద్యార్థులకు వినిపించే యంత్రాలు వచ్చాయి. అవి మెడలో వేసుకునేంత చిన్నవి కావు. ఎలక్ట్రానిక్ విడిభాగాలు చిన్నవయ్యాకే అరచేతిలో ఇమిడాయి. ఇప్పటి వాటిలో మైక్రోఫోనో, ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే పీజోఎలక్ట్రిక్ పలకో ఛాతీ కంపనాన్ని అందుకుంటుంది. బెల్, డయాఫ్రమ్ ఎంపిక బటన్‌తోనే అయిపోతుంది. శబ్దాన్ని 40 రెట్ల దాకా పెంచుతామని తయారీదారులు చెబుతారు.

ఈ రెట్ల లెక్కకు నేను అంత విలువ ఇవ్వను. గుండెతో పాటు చొక్కా రాపిడి, వేలి కదలిక, పేగుల గుర్రుగుర్రు, పైన తిరిగే ఫ్యాను మోత, అన్నీ పెరుగుతాయి. బయటి రొదను తగ్గించే ఏర్పాటు లేకపోతే పెద్ద శబ్దం వస్తుందే తప్ప తేట శబ్దం రాదు. పైగా రబ్బరు గొట్టానికి దానిదంటూ ఒక ప్రతిధ్వని ఉంది. చదువుకునే రోజుల నుంచీ ఆ ధ్వనికి అలవాటు పడిన చెవికి ఎలక్ట్రానిక్ శబ్దం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. బ్యాటరీ అయిపోతే అంతే సంగతులు. గదిలో నిశ్శబ్దం ఉండి, వినేవారికి అనుభవం ఉంటే మంచి మామూలు స్టెతస్కోపు దేనికీ తీసిపోదు. వినికిడి తగ్గిన డాక్టరుకు మాత్రం ఎలక్ట్రానిక్ పరికరం వరమే. దాని వల్ల వృత్తిలో కొనసాగగలుగుతున్నవారు ఉన్నారు.

దాని అసలు బలం వేరే చోట ఉంది. లయెనెక్ నాటి నుంచీ మామూలు పరీక్షలో గుండె చప్పుడు విన్న మనిషితోనే పోయేది. డాక్టరు "మర్మర్ (చప్పుళ్ల మధ్య అదనపు శబ్దం) ఉంది" అని రాస్తే నమ్మాల్సిందే, మళ్లీ విని చూసే దారి లేదు. ఇప్పుడు ఆ శబ్దం దాచుకునే వస్తువైంది. తెర మీద గీతగా చూడొచ్చు, వేగం తగ్గించి వినొచ్చు. ఊపిరి పీల్చినప్పుడు రెండో చప్పుడు రెండుగా చీలుతుంది. బృహద్ధమని కవాటం ముందు, పుపుస ధమని కవాటం ఆ వెంటనే మూసుకుంటాయి. సెకనులో వందో వంతుల్లో లెక్కించే ఆ ఎడాన్ని పట్టడం కొత్త విద్యార్థికి కష్టం. నెమ్మదిగా వినిపిస్తే ఇట్టే తెలుస్తుంది. ఊపిరి వదిలినా ఆ చీలిక అలాగే ఉంటే కర్ణికల మధ్య గోడలో రంధ్రం ఉందేమోనని అనుమానించాలి. మండల కేంద్రంలోని డాక్టరు రికార్డు చేసి పంపితే, హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న నిపుణుడు అదే చప్పుడు వినగలడు. కొవిడ్ రోజుల్లో ఐఐటీ బాంబే బృందం తయారుచేసిన బ్లూటూత్ స్టెతస్కోపు ఇంకో మేలు చేసింది. రోగి ఛాతీ మీద పెట్టిన పరికరం పంపే శబ్దాన్ని డాక్టరు దూరంగా నిలబడి వినగలిగాడు.

అయితే ఏ స్టెతస్కోపుకైనా ఒక హద్దుంది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లల్లో కీళ్లవాత జ్వరం వల్ల వచ్చే గుండె జబ్బు కోసం వెతికారు. కంబోడియాలో 3677 మంది పిల్లల్లో డాక్టర్ల పరీక్షకు దొరికి, ఎకోలో (శబ్ద తరంగాలతో గుండె బొమ్మ తీసే పరీక్షలో) నిజమని తేలినవారు 8 మంది. ఎకో తీస్తే 79 మందిలో జబ్బు బయటపడింది. మన దేశంలోనూ పేద పిల్లలను ఇంకా వదలని జబ్బే ఇది. కవాటం కొద్దిగా కారుతున్నప్పుడు చాలాసార్లు వినబడే శబ్దమే ఉండదు. లేని శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచినా లాభం లేదు. అలాంటి పిల్లలను వెతకడానికి బడికి స్టెతస్కోపుతో పాటు చేతిలో పట్టే ఎకో యంత్రం కూడా వెళ్లాలి. జబ్బు ముందుగా తెలిస్తే, మూడు నాలుగు వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో అది ముదరకుండా ఆపే అవకాశం ఉంది.