ఇందిరాపురం బడులు: లవం కనిపిస్తుంది, హారం అడగాలి

ఘజియాబాద్ వైపు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లను ముందు తికమక పెట్టేది హిందీ కాదు, హిందీలో కనిపించే మన మాటలు. ‘రాజకీయ ఇంటర్ కాలేజ్’ అన్న బోర్డు చూస్తే, ఇక్కడ నాయకులకు కూడా క్లాసులు చెబుతారు కాబోలు అనిపిస్తుంది. హిందీలో రాజకీయ అంటే ‘ప్రభుత్వ’ అని అర్థం. మనం రాజకీయాలు అనేదాన్ని వాళ్లు రాజనీతి అంటారు.

ఇందిరాపురం పేర్లూ అంతే. న్యాయ్ ఖండ్, నీతి ఖండ్, జ్ఞాన్ ఖండ్, అభయ్ ఖండ్, అహింసా ఖండ్... వింటే ఏ పురాణంలోని భాగాలో అనిపిస్తాయి. చూస్తే ఘజియాబాద్ అభివృద్ధి ప్రాధికార సంస్థ వేసిన సెక్టార్లు, వాటి నిండా అపార్ట్‌మెంట్లు. నోయిడా ఐటీ ఆఫీసుకో, ఢిల్లీలోని కేంద్ర కొలువుకో బదిలీ మీద వచ్చిన కుటుంబం ఇక్కడ ఇల్లు చూసుకోగానే పక్కింటివాళ్లను అడిగే మొదటి ప్రశ్న: “ఇక్కడ మంచి స్కూలు ఏది?” ఆ ప్రశ్నకు లిఫ్టులో, పార్కులో, కూరగాయల బండి దగ్గర దొరికే జవాబుల్లో సగం అపోహలే. వాటిలో ఏడింటిని ఇక్కడ విప్పి చూద్దాం.

అపోహ 1: ‘పబ్లిక్ స్కూల్’ అని రాసి ఉంటే అది సర్కారు బడి.

వాస్తవం: తిరగేసి చదువుకోవాలి. మన దేశంలో బోర్డు మీద పబ్లిక్ స్కూల్ అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ ప్రైవేటు బడే. ఈ మాట ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ కలవారి పిల్లలకు ఇంటికే గురువు వచ్చి చదువు చెప్పే రోజుల్లో, ఏ ఊరివాళ్లైనా ఫీజు కట్టి చేరగలిగిన ఈటన్, హారో లాంటి బడులు ‘పబ్లిక్’ అనిపించుకున్నాయి. 1935లో డెహ్రాడూన్‌లో మొదలైన డూన్ స్కూల్ ఆ నమూనానే ఇక్కడ నాటింది. మనకు దగ్గరి ఉదాహరణ బేగంపేటలో ఉంది. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన జాగీర్దార్స్ కాలేజీ, జాగీర్లు పోయాక, 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. ‘పబ్లిక్’ అని ఉంది కదా అని ఫీజు లేకుండా ఎవరూ చేర్చుకోలేదు.

మరి సర్కారు బడిని ఎలా గుర్తుపట్టాలి? ఉత్తరప్రదేశ్‌లో ‘రాజకీయ’, ‘ప్రాథమిక విద్యాలయ్’ అన్న మాటలు చూడాలి. ‘ఇంటర్ కాలేజ్’ అని ఉన్నా అది మన జూనియర్ కాలేజీ కాదు. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు దాకా నడిచే బడి. యూపీ బోర్డులో ‘హైస్కూల్’ అంటే పదో తరగతి పరీక్ష పేరు. 1921లో ఏర్పడిన ఆ బోర్డు ప్రపంచంలోని అతి పెద్ద పరీక్షల బోర్డుల్లో ఒకటి. 2025లో పది, పన్నెండు తరగతులకు కలిపి 54 లక్షల మందికి పైగా నమోదయ్యారు. మన ఫ్లాట్ల పిల్లల్లో ఎక్కువమంది సీబీఎస్ఈలో చదువుతారు కాబట్టి ఈ లోకం పక్క వీధిలోనే ఉన్నా మనకు కనిపించదు.

అపోహ 2: ఇందిరాపురం అంటే ఢిల్లీయే కదా!

వాస్తవం: మెట్రో ఎక్కితే ఢిల్లీయే, అడ్మిషన్ ఫారం నింపితే ఉత్తరప్రదేశ్. ఢిల్లీ ప్రభుత్వ బడిలో చేర్చాలంటే ఢిల్లీలో నివాసం ఉన్నట్టు చూపాలి. ఇందిరాపురం అద్దె కాగితం అందుకు పనికిరాదు.

అసలు దెబ్బ పన్నెండు పూర్తయ్యాక తెలుస్తుంది. ఢిల్లీలోని ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయంలో 85 శాతం సీట్లు ఢిల్లీ బడుల్లో పన్నెండు పాసైనవారికి. అక్కడ చూసేది ఇల్లు కాదు, బడి ఏ పక్కన ఉందన్నది. ఎన్‌ఐటీల్లో ‘హోమ్ స్టేట్’ అంటే తల్లిదండ్రుల సొంత రాష్ట్రం కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. ఇందిరాపురంలో పాసైన బెజవాడ అమ్మాయికి ఆ లెక్కన సొంత రాష్ట్రం ఉత్తరప్రదేశ్. వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలకు ఆమె బయటి రాష్ట్రం పిల్ల. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ ప్రవేశాల్లోనూ స్థానికతకు మూలం వరుసగా నాలుగేళ్లు అక్కడ చదవడం. కాబట్టి తొమ్మిదో తరగతిలో చేర్చేటప్పుడే ఆ తర్వాతి నాలుగేళ్ల సంగతి కూడా ఆలోచించుకోవాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి మాత్రం ఈ సరిహద్దు పట్టదు. 2022 నుంచి అక్కడ సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష మార్కులే లెక్క.

అపోహ 3: ప్రైవేటు బడుల ఫలితాలు సర్కారు బడుల కంటే మెరుగు.

వాస్తవం: 2025 సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఫలితాలు చూడండి. నవోదయ విద్యాలయాల్లో 99.29 శాతం పాసయ్యారు. కేంద్రీయ విద్యాలయాల్లో 99.05, ప్రభుత్వ సాయం పొందే బడుల్లో 91.57, ప్రభుత్వ బడుల్లో 90.48. ప్రైవేటు బడులు 87.94 శాతంతో వీటన్నిటికీ కింద ఉన్నాయి. అంతకు ముందు ఏడాదీ ఇదే వరస.

“అయితే సర్కారు బడే మేలు” అని మరో అపోహలోకి దూకకండి. నవోదయలు ఆరో తరగతిలో ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను ఏరుకుంటాయి. కేంద్రీయ విద్యాలయాల్లో పెద్ద భాగం నెల జీతం వచ్చే ఉద్యోగుల పిల్లలు. ‘ప్రైవేటు’ అన్న గంపలో ఏసీ బస్సుల బడీ ఉంటుంది, మేడ మీద నాలుగు గదుల్లో నడిచే బడీ ఉంటుంది. ఆ రెంటినీ కలిపి తీసిన సగటు ఏ ఒక్క బడి గురించీ చెప్పదు.

ప్రాంతాల పట్టికలోనూ ఇదే మర్మం. అదే 2025లో దేశం మొత్తం మీద 88.39 శాతం పాసైతే, విజయవాడ రీజియన్ 99.60తో మొదటి స్థానంలో నిలిచింది. ఇందిరాపురం ఉన్న నోయిడా రీజియన్ 81.29 దగ్గర ఆగింది. దాని కింద ప్రయాగ్‌రాజ్ 79.53. కృష్ణా నీళ్ల మహత్యం అనుకోనక్కర్లేదు. తెలుగునాట పదయ్యాక లక్షలమంది ఇంటర్ బోర్డు కాలేజీలకే వెళతారు. సీబీఎస్ఈలో పన్నెండు దాకా నిలిచేవాళ్లు కొద్దిమందే, అదీ కావాలని ఎంచుకున్నవాళ్లు. పడమటి ఉత్తరప్రదేశ్‌లో అలా కాదు. నగరాల పెద్ద బడులు, చిన్న పట్టణాల బడులు ఒకే లెక్కలో కలుస్తాయి. పరీక్ష ఒకటే, కూర్చున్నవాళ్లు వేరు.

ఈ ముడిని బాగా విప్పింది మన నేల మీద జరిగిన ప్రయోగమే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 పల్లెలతో మొదలుపెట్టి, లాటరీలో తేలిన సగం పల్లెల్లో సర్కారు బడి పిల్లలకు మళ్లీ లాటరీ తీసి, గెలిచినవారిని ప్రైవేటు బడిలో ఉచితంగా చదివించారు. అదృష్టం తప్ప మరే తేడా లేని రెండు గుంపులన్నమాట. నాలుగేళ్ల తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ కొలిచి చూస్తే తెలుగులో, లెక్కల్లో తేడా కనిపించలేదు. ప్రైవేటు పిల్లలు హిందీలో మాత్రం స్పష్టంగా ముందున్నారు. అయితే తెలుగుకూ లెక్కలకూ ప్రైవేటు బడులు కేటాయించిన సమయం తక్కువ, ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఆ ఫలితం 2015లో అచ్చయింది. దాన్ని చదివి ఇరుపక్షాలూ ‘మేమే గెలిచాం’ అనొచ్చు. పైకి కనిపించే మార్కుల తేడాలో బడి వాటా కంటే ఇంటి వాటా ఎక్కువ అన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాల్సిన సంగతి.

అపోహ 4: గేటు ముందు ఫ్లెక్సీలో ఎన్ని ముఖాలుంటే అంత మంచి బడి.

వాస్తవం: మే నెలలో ఫలితాలు రాగానే ఇందిరాపురం గోడల నిండా పిల్లల ముఖాలే. 98.6, 99.2... సీబీఎస్ఈ మాత్రం 2020 నుంచి టాపర్ల జాబితా ప్రకటించడం మానేసింది. ఫ్లెక్సీ మీద 95 దాటినవాళ్లు 20 మంది అనుకుందాం. పరీక్ష రాసింది 60 మందైతే అది ఒక కథ, 400 మందైతే మరో కథ. భిన్నంలో పైనున్న లవాన్ని గోడకెక్కిస్తారు, కిందున్న హారాన్ని చెప్పరు. టాపర్ మెడలో హారం చూసి మురిసేముందు ఈ హారం ఎంతో కనుక్కోవాలి.

దాంతోపాటు మరో ప్రశ్న: ఆ ర్యాంకు బడిదా, కోచింగ్‌దా? పేరుకు బడిలో ఉండి రోజంతా కోచింగ్‌లో గడిపే ‘డమ్మీ’ చదువులు ఢిల్లీ చుట్టుపక్కల కొత్త కాదు. 2024 నవంబరులో సీబీఎస్ఈ ఈ కారణం మీదనే ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 బడుల గుర్తింపు రద్దు చేసింది. బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధన కాగితానికే పరిమితం కాదని అప్పుడు చాలామందికి తెలిసింది.

అపోహ 5: 25 శాతం ఉచిత సీట్ల పిల్లలు వస్తే తరగతి స్థాయి పడిపోతుంది.

వాస్తవం: ఎవరా పిల్లలు? ఇందిరాపురం ఆకాశంలోంచి ఊడిపడలేదు. మకన్‌పూర్, కనావనీ లాంటి పాత ఊళ్లు ఈ టవర్ల మధ్యే ఉన్నాయి. మన ఇంట్లో గిన్నెలు తోమే ఆమె, సొసైటీ గేటు దగ్గరి గార్డు, ఈ-రిక్షా నడిపే మనిషి ఆ ఇరుకు సందుల్లోనే అద్దెకుంటారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు ఇలాంటి కుటుంబాల పిల్లలకు ఇవ్వమంది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ఉత్తరప్రదేశ్‌లో ఎంపిక లాటరీ ద్వారా జరుగుతుంది. ప్రభుత్వం ఒక్కో పిల్లవాడికి నెలకు 450 రూపాయల దాకా బడికి చెల్లిస్తుంది, పుస్తకాలకూ బట్టలకూ ఏడాదికి 5,000 తల్లిదండ్రులకు ఇస్తుంది. ఆ 450 పెద్ద బడి నెల ఫీజు ముందు ఏ మూలకు? బడుల సణుగుడుకు అసలు కారణం స్థాయి కంటే ఈ అంకె అనుకోవచ్చు.

ఇక స్థాయి సంగతి. ఢిల్లీలో రాయితీ భూముల్లో కట్టిన ప్రైవేటు బడులు 2007 నుంచి పేద పిల్లలకు 20 శాతం సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆర్థికవేత్త గౌతమ్ రావు ఆ బడుల్లోని కలవారి పిల్లలను పరిశీలించి 2019లో ఫలితాలు అచ్చువేశారు. లెక్కల్లో, హిందీలో వాళ్ల మార్కులు తగ్గలేదు. ఇంగ్లీషులో స్వల్పంగా తగ్గాయి, ఆ మాటా ఆయన దాచలేదు. అయితే పేద పిల్లల పక్కన కూర్చున్న కలవారి పిల్లలు పంచుకోవడంలో, సేవకు ముందుకు రావడంలో మెరుగయ్యారు. రిలే పరుగు పందేనికి జట్టును ఎంచుకోమంటే, బాగా పరిగెత్తే పేద పిల్లవాణ్ణి పక్కనపెట్టే అలవాటు వాళ్లలో తగ్గింది.

విద్యాహక్కు చట్టం చూపు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదిలో ఫీజు ఎవరు కట్టాలి? ఈ ప్రశ్నతో కొందరు పిల్లలు సరిగ్గా హైస్కూలు గుమ్మంలో బడి మారతారు. అప్పుడు తొమ్మిదో తరగతి ఫొటోలో ముఖాలు మారిపోతాయి. మూడేళ్ల తర్వాత వచ్చే ‘నూటికి నూరు’లో వెళ్లిపోయినవాళ్ల లెక్క ఉండదు.

అపోహ 6: ఎంపీ గారి లెటర్ ఉంటే కేంద్రీయ విద్యాలయలో సీటు ఖాయం.

వాస్తవం: ఒకప్పుడు ఒక్కో ఎంపీకి ఏటా పది సీట్ల కోటా ఉండేది. 2022 ఏప్రిల్‌లో దాన్ని ఎత్తేశారు. ఢిల్లీలో తెలుగు ఎంపీల బంగ్లాల చుట్టూ తిరగడం ఇప్పుడు కాళ్ల నొప్పులకే. బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు మొదటి ప్రాధాన్యం. మిగతావాళ్లు ఏ వర్గంలోకి వస్తారో చూసుకుని దరఖాస్తు పెట్టుకోవాలి.

అపోహ 7: సీబీఎస్ఈలో తెలుగు ఉండదు, కాబట్టి ఇక్కడ పిల్లలకు తెలుగు పోయినట్టే.

వాస్తవం: సీబీఎస్ఈలో తెలుగు ఒకటి కాదు, రెండున్నాయి. ఆంధ్రప్రదేశ్ తెలుగు, తెలంగాణ తెలుగు అని రెండు వేర్వేరు కోడ్లతో పేపర్లు ఇస్తారు. లేనిది బోర్డులో కాదు, బడిలో. బడి టీచర్‌ను పెట్టాలి, టీచర్‌ను పెట్టేంతమంది పిల్లలు ఉండాలి. హిందీ నేల మీద అది కష్టమే. ఢిల్లీలో ఆ లోటు తీర్చడానికి 1948లో దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ చొరవతో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పుట్టింది. దీనదయాళ్ ఉపాధ్యాయ మార్గ్, జనక్‌పురి, ప్రసాద్ నగర్‌లలో దాని బడులున్నాయి. తెలుగు పిల్లల కోసం మొదలైన ఆ బడుల్లో ఇవాళ అన్ని భాషల పిల్లలూ చదువుకుంటున్నారు. ఇందిరాపురం నుంచి రోజూ అంత దూరం పంపడం అందరికీ కుదరదు. ఇంట్లో నేర్పడం సరదా కోసమే అనుకోకండి. రేపు హైదరాబాద్‌కు బదిలీ అయితే, 2018లో చేసిన చట్టం ప్రకారం తెలంగాణలో సీబీఎస్ఈ బడిలోనైనా పదో తరగతి దాకా తెలుగు చదవాలి. ఢిల్లీలో పెరిగిన పిల్లవాడు అప్పుడు గుణింతాల దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇంతకీ మంచి బడి ఏది? ఆ జవాబు ఏ పట్టికలోనూ లేదు కానీ, ఆఫీసు గదిలో అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. నాలుగేళ్ల కిందట తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో పన్నెండు మీ దగ్గరే రాసినవాళ్లు ఎంతమంది? మధ్యలో వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు? 25 శాతం సీట్లలో చేరిన పిల్లలు ఎనిమిది తర్వాత ఏమయ్యారు? వెనకబడిన పిల్లవాడికి సాయంత్రం ఎవరు చెబుతారు?

వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే బడి బోర్డు మీద పబ్లిక్ అని ఉన్నా, రాజకీయ అని ఉన్నా ఫర్వాలేదు. తన హారం తనకు తెలిసిన బడి అది.