జామర్ ఒకరిది.. నష్టం అందరిది
అనుమతి లేకుండా దగ్గరుంచుకుంటే స్వాధీనమే

తరగతి గదిలో విద్యార్థుల ఫోన్లు మోగకూడదని ఒకరు, సినిమా హాలులో నిశ్శబ్దం ఉండాలని మరొకరు, ప్రార్థన వేళ ఏకాగ్రత చెదరరాదని ఇంకొకరు సెల్‌ఫోన్ జామర్ పెట్టుకుంటే బాగుండునని అనుకోవడం సహజం. అయితే ప్రైవేటు వ్యక్తులు గానీ, ప్రైవేటు సంస్థలు గానీ ఆ పరికరాన్ని కొనడం, వాడడం మన దేశంలో చెల్లదు. ఉద్దేశం మంచిదైనా చట్టం మినహాయింపు ఇవ్వదు. పట్టుబడితే పరికరం ప్రభుత్వ స్వాధీనమవుతుంది. కేసునూ ఎదుర్కోవలసి వస్తుంది. ఇంత కఠినత్వం ఎందుకన్నది తెలియాలంటే ముందుగా జామర్ చేసే పనిని తెలుసుకోవాలి.

గోడ దగ్గర ఆగని తరంగాలు

సెల్‌ఫోను, టవరు నిర్ణీత పౌనఃపున్యాలలో పరస్పరం సంకేతాలు పంపుకొంటాయి. జామర్ అవే పౌనఃపున్యాలలో అర్థం లేని రొదను వెదజల్లుతుంది. టవరు నుంచి ఫోనుకు చేరే సంకేతం చాలా బలహీనమైనది. అందువల్ల చిన్న పరికరం పుట్టించే రొద సైతం దానిని ముంచేస్తుంది. ఫోను తెరపై సిగ్నల్ గీతలు మాయమవుతాయి. జీపీఎస్ పరిస్థితి మరింత సున్నితం. దాని ఉపగ్రహాలు భూమికి సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి గనుక ఆ సంకేతాన్ని చెడగొట్టడానికి కొద్దిపాటి శక్తి చాలు.

ఈ రొద గోడ దగ్గర ఆగదు. ఏ ఫోను కబుర్లకు, ఏ ఫోను ప్రాణరక్షణకు అన్న విచక్షణ దానికి ఉండదు. పక్క ఇంట్లో గుండెపోటు వచ్చిన మనిషి కోసం 108కు చేసే పిలుపు, ఆపదలో ఉన్న మహిళ 112కు చేసే పిలుపు కూడా అందులోనే మునిగిపోతాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ నడిచేదే ఫోను పిలుపు మీద. ఆ పిలుపు అందకపోతే అంబులెన్సు ఎంత దగ్గరలో ఉన్నా ప్రయోజనం శూన్యం.

అనుమతి ఎవరికి?

జైళ్లలోను, ప్రముఖుల వాహన శ్రేణుల్లోను జామర్లు కనిపిస్తాయి కదా అన్న సందేహం రావచ్చు. రాష్ట్ర ప్రభుత్వాలు, రక్షణ దళాలు, కేంద్ర పోలీసు సంస్థలు కేబినెట్ సచివాలయం మార్గదర్శకాల ప్రకారం అనుమతి పొంది వీటిని ఉపయోగిస్తాయి. చట్టబద్ధ పరీక్షా సంస్థలు తక్కువ శక్తి గల జామర్లను అనుమతితో వాడేందుకు 2016లో వీలు కల్పించారు. వాటిని కూడా ప్రభుత్వ రంగానికి చెందిన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ నుంచి గానీ, భారత్ ఎలక్ట్రానిక్స్ నుంచి గానీ తీసుకోవలసిందే. బజారులో దొరికే సరుకుకు ఆ అవకాశం లేదు.

జామర్ల ప్రకటన, అమ్మకం, పంపిణీ, దిగుమతి సైతం చట్టవిరుద్ధమని టెలికం శాఖ 2022లో స్పష్టం చేసింది. ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలను అదే ఏడాది జనవరిలో హెచ్చరించింది.

జప్తుకు ఆధారం

అనుమతి లేని రేడియో పరికరాన్ని స్వాధీనం చేసుకోవడం కొత్త పద్ధతి కాదు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం పేర్కొంది. సోదా జరిపే అధికారాన్ని అధికారులకు ఇచ్చింది. జప్తు చేసిన పరికరాలు, యజమాని ఎవరో తెలియని పరికరాలు కేంద్ర ప్రభుత్వ ఆస్తి అవుతాయని నిర్దేశించింది.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఈ విషయంలో మరింత సూటిగా ఉంది. కేంద్రం అనుమతి లేకుండా టెలికం సేవలను అడ్డుకొనే పరికరాల వాడకాన్ని 48వ సెక్షను నిషేధిస్తోంది. ఇది 2024 జులై 5న అమల్లోకి వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు, జూన్ 26న అమల్లోకి వచ్చిన 43వ సెక్షను ప్రకారం అధీకృత అధికారి భవనాన్ని గానీ, వాహనాన్ని గానీ సోదా చేసి, నేరానికి సంబంధించిన పరికరాన్ని స్వాధీనం చేసుకోవచ్చు.

2024 అక్టోబరులో దీపావళికి ముందు ఢిల్లీ పోలీసులు పాలికా బజార్‌లోని ఒక దుకాణంలో రెండు చైనా జామర్లను పట్టుకున్నారు. వాటిని అమ్మేందుకు దుకాణదారు వద్ద ఎలాంటి అనుమతీ లేదు. అతనిని అరెస్టు చేశారు.

దాచినా దొరుకుతుంది

జామర్‌ను ఎక్కడ దాచినా అది పనిచేస్తున్నంతసేపు తన జాడను తానే చాటుతుంది. టవరుకు అసాధారణమైన రొద తగలగానే టెలికం సంస్థలకు తెలుస్తుంది. దిశను గుర్తించే యాంటెన్నాలతో సిబ్బంది ఆ రొద వచ్చే చోటికి చేరుకుంటారు. దేశంలో ఇలాంటి పర్యవేక్షణకు 1952 నుంచి వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది.

కదిలే వాహనంలో ఉన్నా పట్టుబడక తప్పదనడానికి అమెరికాలోని ఫ్లోరిడా ఉదంతమే సాక్ష్యం. తోటి వాహనదారులు ఫోనులో మాట్లాడకుండా చేయాలని ఒక వ్యక్తి కారు సీటు తొడుగు వెనుక జామర్ దాచి సుమారు రెండేళ్లు తిరిగాడు. 2013లో ఒక టెలికం సంస్థ ఫిర్యాదుతో అధికారులు రహదారిపై నిఘా వేసి కారును గుర్తించారు. దానిని ఆపేందుకు పోలీసులు దగ్గరకు వెళ్లేసరికి వారి రేడియోలకే కంట్రోల్ రూముతో సంబంధం తెగిపోయింది. అతనికి 48 వేల డాలర్ల జరిమానా పడింది. రోడ్డు భద్రత కోసం చేశానన్న వాదన నిలబడలేదు.

2012లో న్యూజెర్సీలో ఒక ఉద్యోగి తన వాహనం ఎక్కడుందో యజమానికి తెలియకూడదని జీపీఎస్ జామర్ వాడాడు. అది నెవార్క్ విమానాశ్రయంలో విమానాలకు దారి చూపే వ్యవస్థకు ఆటంకం కలిగించింది. పరికరాన్ని అధికారులకు అప్పగించవలసి వచ్చింది.

బూస్టర్లదీ అదే దారి

సిగ్నల్ పెంచుకొనేందుకు ఇళ్లపై అమర్చే బూస్టర్లు, రిపీటర్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. లైసెన్సు పొందిన టెలికం సంస్థలు తప్ప ఇతరులు వాటిని కొనకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. నాసిరకం బూస్టరు సిగ్నల్‌తోపాటు రొదను కూడా పెంచి టవరు మీదకు పంపుతుంది. ఒక ఇంట్లో మాట స్పష్టంగా వినిపిస్తే చుట్టుపక్కల ఇళ్లలో కాల్స్ మధ్యలోనే తెగిపోతాయి.

సిగ్నల్ సరిగా లేకపోతే సంబంధిత టెలికం సంస్థకు ఫిర్యాదు చేయడమే సరైన మార్గం. ఒక ప్రాంతంలో అన్ని సంస్థల ఫోన్లూ ఒకే సమయంలో మూగబోతుంటే ఆ విషయాన్ని సమయం, చోటుతో సహా తెలపడం మంచిది. తరగతి గదిలోనో, మందిరంలోనో నిశ్శబ్దం కావాలంటే ఫోన్లను గుమ్మం దగ్గర తీసుకొని భద్రపరిస్తే సరిపోతుంది. దానికి ఏ లైసెన్సూ అవసరం లేదు.