రెండు చేతుల పొందిక

భద్రాచలం అడవుల అంచున చర్ల, దుమ్ముగూడెం ప్రాంతాల గూడేలకు ఎండాకాలం తునికాకు కాలం. తెల్లవారుజామున అడవికి వెళ్లిన స్త్రీలు ఆకు కోసుకొని వచ్చి, నీడపట్టున కూర్చుండి కట్టలు కడతారు. కట్టకు 50 ఆకులు. ఎడమచేయి ఆకుల దొంతరను అదిమి పట్టి ఉండగా కుడిచేయి ఆకు పేర్చి, నార చుట్టి, ముడి వేస్తుంది. ఒక చేతి పట్టు సడలిందా, దొంతర జారిపోతుంది. కూలి రోజుకు కాదు, కట్టకు. అందుచేత 60 ఏళ్లు దాటిన చేతుల తడబాటు కల్లం దగ్గర లెక్కలో తేలుతుంది.

దీనిని లోకం ‘చేతిలో సత్తువ తగ్గింది’ అని సరిపెట్టుకొంటుంది. అది సగం నిజమే. కీళ్లనొప్పులు, కండరాల క్షయం, వేలికొనల స్పర్శ మందగించడం కారణాలే. కాని విడివిడిగా చక్కగా పనిచేసే చేతులు సైతం, ఏకకాలంలో వేర్వేరు పనులు చేయవలసి వచ్చినప్పుడు వృద్ధులలో తొట్రుపడతాయి. దీనికి మూలం మెదడులో ఉన్నది.

మెదడు కుడి అర్ధభాగం ఎడమచేతిని, ఎడమ అర్ధభాగం కుడిచేతిని ప్రధానంగా నడుపుతాయి. ఈ రెండింటి నడుమ వారధి కార్పస్ కలోసం. అందులో సుమారు 20 కోట్ల నాడీతంతువులు ఉంటాయి. ఒక చేతికి వెళ్లే ఆజ్ఞ రెండవ చేతిని కదిలించకుండా ఆపడంలోను దాని పాత్ర ఉన్నది. వయసు పైబడిన కొద్దీ తంతువులను కప్పిన మైలిన్ పొర దెబ్బతింటుంది. వారధి, ముఖ్యంగా దాని ముందుభాగం, పలుచబడుతుంది. సందేశాల వేగం తగ్గుతుంది.

అద్దంలో ప్రతిబింబంవలె కదలడం చేతులకు సహజమైన మొగ్గు. రెండు చూపుడువేళ్లను ఒకేసారి కుడికి, ఒకేసారి ఎడమకు కదుపుతూ వేగం పెంచితే, అవి తమంత తామే ప్రతిబింబ చలనంలోకి జారిపోతాయి. 1980వ దశకంలో స్కాట్ కెల్సో ప్రయోగపూర్వకంగా చూపిన ఈ విషయాన్ని విద్యార్థులు బల్లమీదనే పరీక్షించుకోవచ్చును. వృద్ధులలో ఈ పట్టు మరింత సులభంగా సడలుతుంది. చప్పట్లవంటి చలనం మాత్రం చాలాకాలం చెక్కుచెదరదు. అర్జునుడు సవ్యసాచి, ఏ చేతితోనైనా బాణం వేయగలవాడు. అయినా రెండవ చేయి విల్లు పట్టవలసిందే కదా!

చిరకాలాభ్యాసం ఈ నష్టాన్ని కొంత పూడ్చుతుంది. అంతకు ముందు అలవోకగా సాగిన పనికి వృద్ధుల మెదడు లలాటభాగాలను అదనంగా వినియోగిస్తుంది. అనగా ధ్యాస పెట్టి చేస్తుంది. కట్ట కడుతున్న అవ్వను ఎవరైనా పలకరిస్తే, ఆమె చేతులు ఆగిన తరువాతనే బదులు రావడం అందువల్లనే.